పటం జారిపడిందని రాశారు, ఎక్కడ పడిందండీ?

తెలుగులో సాహస నవలలు, పిల్లల అనువాదాలు అచ్చువేసే ప్రచురణకర్తలందరికీ,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పే మేస్టార్ని. మీలో ఎవరి పేరూ ఈ ఉత్తరంలో రాయడం లేదు, ఎందుకంటే ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లంతా 'హమ్మయ్య, మన గురించి కాదు' అనుకుని పేజీ తిప్పేస్తారు. పైగా నా బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ నేలమీద పరుచుకుని చూశాను, ఈ పని చేయనివాళ్లు బాగా తక్కువ.

ఏం పనంటే, పటం తీసేయడం.

మొన్న వర్షాల్లో ఒకరోజు గ్రౌండు చెరువైపోయి ఆటల పీరియడ్ పోయింది. ఏడో తరగతి పిల్లలు గోల చేస్తుంటే, స్కూలు లైబ్రరీ బీరువాలోంచి ట్రెజర్ ఐలాండ్ తెలుగు అనువాదం తీసి చదవడం మొదలుపెట్టాను. మొదట్లో ఎవరూ వినలేదు. గుడ్డివాడు కర్ర తాటించుకుంటూ వచ్చేసరికి క్లాసు చప్పబడిపోయింది. అలా మూడు నాలుగు రోజులు నడిచింది. చచ్చిపోయిన కెప్టెన్ పెట్టెలోంచి తెచ్చిన సీలు వేసిన కాగితాన్ని డాక్టరు జాగ్రత్తగా విప్పుతాడు చూడండి, అందులోంచి ఒక దీవి పటం జారిపడుతుంది, అక్షాంశాలు, రేఖాంశాలు, నీళ్ల లోతులు, కొండల పేర్లు, రేవుల పేర్లు అన్నీ అందులో ఉంటాయి, సరిగ్గా అక్కడ నేను ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

ముందు బెంచీ అమ్మాయి ఒకతె లేచి నా దగ్గరికొచ్చింది.

"పటమేదండీ మేస్టారూ?"

పేజీ తిప్పాను, లేదు. ఇంకో పేజీ తిప్పాను, లేదు. ఆ పిల్ల నా చేతిలోంచి పుస్తకం తీసుకుని ముందట్టా వెనకట్టా తెరిచి చూసింది, తర్వాత వీపు పట్టుకుని తలకిందులు చేసి గట్టిగా విదిలించింది. జారిపడిందని రాసుంది కదా మరి! నిజంగానే ఒక కాగితం జారిపడింది. ఎవరో గుర్తు కోసం పెట్టుకున్న పాత బస్సు టికెట్టు.

పిల్లలందరూ నవ్వారు, నేనూ నవ్వాను గానీ నాకు తల కొట్టేసినట్టైంది. ఆ పుస్తకం ముందట్ట లోపలివైపు ఖాళీ, తెల్లగా ఉంది. వెనకట్ట లోపలివైపు 'మా ఇతర ప్రచురణలు' అని చిన్న అక్షరాల్లో పొడుగాటి జాబితా, వాస్తు, ఇంటివైద్యం, ఇంగ్లిష్ మాట్లాడటం ఎలా. దీవి ఉండాల్సిన చోట వాస్తు ఉంది.

'కథ ఉంది కదా, పటం లేకపోతే ఏం కొంపలు మునిగాయి' అని మీరంటారేమో. ఈ కథ విషయంలో మునిగాయి. ముందు పుట్టింది పటం, తర్వాత పుట్టింది కథ. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్ అనే ఊళ్లో, మా ఏడో తరగతికి పట్టినట్టే, వదలని వాన పట్టింది. ఈ నవల రాసిన స్టీవెన్సన్ ఇంట్లో పదమూడేళ్ల కుర్రాడున్నాడు, ఆయన భార్యకు మొదటి పెళ్లిలో పుట్టినవాడు. బయటికి వెళ్లడానికి లేక రంగులు ముందేసుకుని ఇద్దరూ బొమ్మలు గీస్తుంటే ఒక దీవి పటం తయారైంది. నేనే గీశానని స్టీవెన్సన్ రాసుకున్నాడు, గీసింది నేను, ఆయనొచ్చి మెరుగులు దిద్దాడని ఆ కుర్రాడు పెద్దయ్యాక చెప్పాడు. (మా బళ్లో కూడా చార్టు బాగా వస్తే ఇదే తగువు.) ఎవరు గీస్తేనేం, ఆ పటం వైపు చూస్తూ చూస్తూ ఉంటే అందులోని అడవుల్లోంచి మనుషులు బయటికి రావడం మొదలుపెట్టారు. రోజుకో అధ్యాయం చొప్పున పదిహేను రోజుల్లో పదిహేను రాశాడు. తర్వాత కలం ఆగిపోతే మిగతాది స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో పూర్తిచేశాడు.

ఇప్పుడు మీకు కాస్త ఊరటనిచ్చే సంగతి ఒకటి చెప్తాను. పటం పారేసుకోవడం మీతో మొదలవలేదు. పుస్తకంగా వేయడానికి రాతప్రతితో పాటు ఆ పటాన్ని కూడా లండన్ ప్రచురణకర్తకు పంపించాడు స్టీవెన్సన్. ప్రూఫులు వచ్చాయి, దిద్దాడు, పటం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. రాసి అడిగితే అసలు మాకు అందనేలేదన్నారు. పాపం, మొత్తం పుస్తకం ముందేసుకుని ఏ కొండ ఏ దిక్కున ఉందో, ఏ రేవు నుంచి ఏది కనిపిస్తుందో వాక్యాల్లోంచి ఏరుకుని, వాటికి సరిపోయేలా ఇంకో పటం గీయించాల్సి వచ్చింది. ఆయనది తరతరాలుగా లైట్ హౌసులు కట్టిన ఇంజనీర్ల కుటుంబం, అందుకని తండ్రి ఆఫీసులోనే తిమింగలాలూ తెరచాప ఓడలూ పెట్టి చక్కగా గీశారు, కథలో నిధి పాతిపెట్టిన ఫ్లింట్ కెప్టెన్ సంతకాన్ని తండ్రే స్వయంగా ఫోర్జరీ చేశాడు. అయినా అది నా దీవి అనిపించలేదని తర్వాత రాసుకున్నాడు. 1883లో పుస్తకంతో పాటు వచ్చింది ఆ రెండో పటమే.

అంటే పారేసుకున్న ప్రచురణకర్త కూడా మళ్లీ గీయించుకుని వేశాడు గానీ ఆ జాగాలో వాస్తు పుస్తకాల జాబితా వేయలేదు.

పైగా అది కథలో భాగం. ఆ పటం మీద నిధి ఎక్కడుందో చెప్పే ఎర్ర గుర్తులున్నాయి, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో ఉంది, అక్షాంశ రేఖాంశాలను, కథ చెప్పే అబ్బాయి జిమ్ హాకిన్స్ గీత గీసి కొట్టేశాడన్న ముక్క కూడా ఉంది. నవల మొదటి వాక్యంలోనే ఆ అబ్బాయి చెప్తాడు, దీవి ఎక్కడుందో మాత్రం చెప్పను, ఇంకా తీయని నిధి అక్కడ మిగిలి ఉంది అని. మొదటి వాక్యంలో దాచిన సంగతికి సాక్ష్యం పటం మీద ఉంది. ఆ సాక్ష్యాన్ని మీరు చింపేశారు.

సరే, మా క్లాసు సంగతికి వస్తాను. పటం లేదు కాబట్టి మనమే గీద్దామన్నాను. స్టీవెన్సన్ పడ్డ పాట్లే పడ్డాం, పుస్తకంలో దిక్కు గానీ దూరం గానీ చెప్పిన ప్రతి వాక్యాన్నీ ఒకడు చదవడం, ఒకతె బోర్డు మీద రాయడం, ఇద్దరు చార్టు మీద పెన్సిల్‌తో పెట్టడం. తొమ్మిది మైళ్ల పొడవు, అయిదు మైళ్ల వెడల్పు, లావుపాటి డ్రాగన్ నిలబడ్డట్టు ఆకారం. తొమ్మిది మైళ్లంటే పద్నాలుగున్నర కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే బస్సు దారిలో ఇంచుమించు సగం అనగానే 'ఓస్, ఇంతేనా' అన్నారు. డ్రాగన్ అంటే ఏమిటో తెలియక ఒకడు తొండను గీశాడు, చూస్తే బాగానే సరిపోయింది.

పేర్ల దగ్గర అసలు పేచీ. స్పైగ్లాస్ కొండను మీ అనువాదకులు స్పైగ్లాస్ కొండ అనే వదిలేశారు, మా పిల్లలు దుర్భిణీ కొండ చేశారు. దీవిలో ఒక చిత్తడి నేల ఉంది, దాన్ని 'బురద ప్రదేశం' అని రాశారు మీరు. సోంపేట అమ్మమ్మగారి ఊరైన ఒకమ్మాయి 'అది బీల కదండీ' అంది. అవును, నీళ్లు నిలిచి, రెల్లు పెరిగి, పక్షులు వాలే ఆ నేలకి సోంపేట వైపు బీల అనే పేరు ఎప్పటినుంచో ఉంది. నీళ్ల లోతులు 'ఫాదమ్‌లు' అని వేశారు. మా ఊరి చేపల వేటగాళ్లు లోతును బారల్లో చెప్తారు, రెండు చేతులూ చాపినంత, ఆరడుగులకు అటూ ఇటూ. ఫాదమ్ కూడా చాచిన చేతుల కొలతే, ఆరడుగులే. ఇంత తేలికైన మాట చేతిలో ఉండగా ఆ ఫాదమ్‌లెందుకండీ?

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మాత్రం ఒక కుర్రాడు. వాళ్ల నాన్న పడవ మీద వేటకు వెళ్తాడు. ఈ అబ్బాయి వారానికి రెండు రోజులు బడికి రాడు, వచ్చినా కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తుంటాడు, పుస్తకం అంటే ఆమడ దూరం. నిధి గుర్తులు చదువుతున్నాం, పొడుగు చెట్టు, దుర్భిణీ కొండ భుజం, ఫలానా దిక్కు, అటు అస్థిపంజరం దీవి, పది అడుగులు. ఇదేం లెక్కో నాకే సరిగ్గా వివరించడం రావడం లేదు, దిక్సూచికి ముప్ఫై రెండు పాయింట్లుంటాయి అని ఏదో బోర్డు మీద గుండ్రంగా గీస్తున్నాను. వీడు లేచాడు.

"మా నాన అలాగే సూస్తాడండి. పడవ మీదికెల్లి ఎనక్కి సూస్తే లైట్ హౌసూ, ఎనకాల కొండ కొమ్మూ ఒక్క వరసలోకి రావాల. ఇటు పక్కన తాటితోపు చివర గుడి కానరావాల. రెండూ కుదిరిన కాడ కింద రాయుంటాది. సేప అక్కడుంటాది."

బోర్డు దగ్గరికి రమ్మన్నాను. వచ్చి, నేను గీసిన గుండ్రాన్ని చెరిపేసి, ఒడ్డు గీశాడు, లైట్ హౌసు గీశాడు, కొండ గీశాడు, రెండిటినీ కలుపుతూ సముద్రంలోకి ఒక గీత, గుడి నుంచి ఇంకో గీత, రెండూ కోసుకున్నచోట సుద్దముక్కతో గట్టిగా ఒక ఇంటూ మార్కు. అంతే, ఎర్ర గుర్తు పడిపోయింది. రెండు గీతలు కోసుకున్నచోట ఒకే ఒక బిందువు ఉంటుందని లెక్కల మేస్టారు నెలరోజుల నుంచి చెప్తున్నారు, వీడికి అది పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆ రోజు నుంచి వాడు ఆ పీరియడ్ మానలేదు. మిగతా పీరియడ్లు మానేస్తున్నాడనుకోండి, ఆ సంగతి వేరే.

ఇది పటం లేకపోవడం వల్లే జరిగింది కదా, మంచిదే కదా అనకండి. ఆ అనువాదం కొనుక్కుని ఇంట్లో ఒంటరిగా చదువుకునే పిల్లవాడికి చార్టు, బోర్డు, ముప్ఫై మంది స్నేహితులు ఉండరు.

ఇక మీ ఇబ్బందుల సంగతి. మా తోడల్లుడికి విజయనగరంలో గంటస్తంభం దగ్గర చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సుంది, పెళ్లి కార్డులు, కరపత్రాలు ఎక్కువ, అప్పుడప్పుడు పుస్తకాలు. మీతో పోట్లాడే ముందు ఆయనతో మాట్లాడాను. ఇంగ్లిష్ గట్టి అట్ట పుస్తకాల్లో పటాలు అట్ట లోపల ఎందుకుంటాయో ఆయనే చెప్పాడు. పుస్తకం మొత్తం కుట్టేశాక, మధ్యకి మడిచిన ఒక మందపాటి కాగితంలో సగాన్ని అట్టకి అతికిస్తారు, మిగతా సగం మొదటి పేజీలా తిరుగుతుంది. దాన్నే ఎండ్ పేపర్ అంటారు. పుస్తకాన్ని అట్టకి పట్టి ఉంచడం దాని పని, కాబట్టి ఎలాగూ ఉండాల్సిన కాగితమే, ఖాళీగా ఎందుకు వదలడమని పటం వేశారు. ఇంకో సుఖం ఏమిటంటే అది పూర్తిగా పరుచుకుంటుంది, మధ్యలో ఏమీ నలగదు, చదువుతూ చదువుతూ వేలు పెట్టుకుని వెనక్కి తిప్పితే వెంటనే దొరుకుతుంది.

మన పుస్తకాలు చాలావరకు మెత్తట్ట, గమ్ బైండింగ్, వాటికి ఎండ్ పేపర్లుండవు. ఒప్పుకుంటాను. కానీ అట్ట లోపలివైపు ఉంటుంది కదా. బయట నాలుగు రంగులు వేసి లోపల తెల్లగా వదిలేస్తున్నారు. లోపల ఒక్క రంగులో పటం వేయాలంటే ఇంకో ప్లేటు, ఆ కార్డు షీట్లు ఇంకోసారి మిషన్లోకి. ఖర్చు ఉంది, లేదనను, పుస్తకం ధర మార్చేంత మాత్రం కాదంటాడు మా తోడల్లుడు. అదీ వద్దంటే ఇంకో దారి ఉంది. పుస్తకం పదహారు పేజీల ఫారాల లెక్కన తయారవుతుంది, మీ నవల 154 పేజీలకు అయిపోతే 160 దాకా వెళ్లక తప్పదు, ఆ మిగిలిన ఆరు పేజీల్లో జాబితాకి అయిదు ఉంచుకుని ఒక్కటి పటానికివ్వండి. మీ వ్యాపారం మీరు చేసుకోవద్దా ఏమిటి, చేసుకోండి.

ఒక్క పేజీ అన్నాను, రెండు పేజీల మీద పరచమని అనలేదు, గమనించండి. మీలో ఒకరు పాపం పటం వేశారు, ఎదురెదురు పేజీల మీద పెద్దగా వేశారు. గమ్ బైండింగ్ కదా, మధ్యలో అర అంగుళం వీపు మింగేసింది, నిధి గుర్తు సరిగ్గా అక్కడే పడింది. నిధి ఉంది, తవ్వాలంటే పుస్తకం చీల్చాలి. ఇంకొకరు ఇంటర్నెట్‌లోంచి దింపిన బొమ్మను తపాలా బిళ్లంత చేసి, ఇంగ్లిష్ పేర్లతోనే, జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు నల్లగా వేశారు. దానికంటే వాస్తు జాబితానే నయం, కనీసం చదవొచ్చు.

హక్కుల సమస్య అంటారా, స్టీవెన్సన్ పోయింది 1894లో. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లే. జూల్ వెర్న్ 1905లో, రైడర్ హగ్గర్డ్ 1925లో పోయారు. వెర్న్ మిస్టీరియస్ ఐలాండ్‌లో బెలూన్ కూలి దీవి మీద పడ్డవాళ్లు కొండెక్కి చుట్టూ చూసి నదికి, చెరువుకి, అగ్రానికి ఒక్కోదానికి కూర్చుని పేర్లు పెట్టే అధ్యాయం ఒకటుంది, పక్కన పటం లేకుండా ఆ అధ్యాయం చదవడమంటే పెళ్లికొడుకు లేని పెళ్లికి వెళ్లినట్టు. హగ్గర్డ్ అయితే కింగ్ సాలమన్స్ మైన్స్‌లో చచ్చిపోతున్నవాడు తన నెత్తురుతో గుడ్డముక్క మీద గీసిన పటం అంటూ ఒక మడతపటాన్ని 1885 నాటి మొదటి ముద్రణలో పెట్టించాడు. ఇవన్నీ మీవే, ఎవరినీ అడగక్కర్లేదు. హాబిట్ రాసిన టోల్కీన్ హక్కులు మాత్రం ఇంకా ఉన్నాయి, అక్కడ అనుమతి కావాలి.

టోల్కీన్ అంటే గుర్తొచ్చింది. 1937లో హాబిట్ వచ్చినప్పుడు, చంద్రుడి వెలుగులో మాత్రమే కనిపించే అక్షరాలు కథలోని పటం మీద ఉన్నాయి కాబట్టి, వాటిని కాగితం వెనకవైపు అచ్చేస్తే పిల్లలు దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తారని ఆయన ఆశపడ్డాడు. ప్రచురణకర్త పటాన్ని ఎండ్ పేపర్ చేసేశాడు, అట్టకి అతికించిన కాగితానికి వెనకవైపు ఎక్కడిది, ఆ అక్షరాలు మామూలుగానే ముందువైపు పడ్డాయి. అయినా పటం మిగిలింది, నల్లరంగూ ఎర్రరంగూ మిగిలాయి. నేను మిమ్మల్ని అడుగుతున్నది ఆ బేరం దాకా రమ్మనే.

అనువాదాలే కాదండీ, మన సొంత కథల గురించి కూడా ఒక మాట. మన జానపద కథల్లో రాకుమారుడికి మొదటి నుంచీ దిక్కులే కదా బోధ, మూడు దిక్కులకూ వెళ్లు నాయనా, ఉత్తర దిక్కుకు మాత్రం వెళ్లకు అని. వాడు తిన్నగా ఉత్తరానికే పోతాడు. ఆ ఉత్తరాన ఏముందో ఎవరైనా ఒక పేజీలో గీసి చూపించారా? బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగిందని మా పిల్లలు పరీక్షల్లో రాస్తారు, బుర్రకథల్లో విన్నారు, కోట ఎక్కడ, విజయనగరం ఎక్కడ, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం ఎటునుంచి చుట్టుముట్టింది అంటే గాల్లో చేతులు తిప్పుతారు. నా చేతులూ గాల్లోనే తిరుగుతాయి, అంతకంటే ఏం చేయను. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడితే కింద వంశధార మెలికలు తిరుగుతూ కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవడం కనిపిస్తుంది, దానికంటే మంచి సాహస నవల పటం ఎవరు గీస్తారు చెప్పండి, కొండ ఉంది, పాడుబడ్డ కట్టడాలున్నాయి, నది ఉంది, మొగ ఉంది, పాత రేవు ఉంది. ఎవరైనా రాయండి, రాస్తే మాత్రం పటంతో వేయండి.

వేసేటప్పుడు పేర్లు కంప్యూటర్ ఫాంటుతో కొట్టకండి, చేత్తో రాయించండి. డీటీపీ అక్షరాలు వేసిన దీవి మండలాఫీసు నోటీసులా ఉంటుంది. బొమ్మలేసేవాళ్లు దొరకరంటే మా డ్రాయింగ్ మేస్టారు ఉన్నారు, రిటైరయ్యారు, ఖాళీగానే ఉన్నారు.

మా పిల్లలు గీసిన చార్టు ఇప్పుడు ఏడో తరగతి గోడ మీద ఉంది. తర్వాత అసలు పటాన్ని ప్రింటు తీయించి పక్కన పెట్టి చూశాం, ఉత్తరపు రేవు మావాళ్లది బాగా పడమటికి జరిగింది, అస్థిపంజరం దీవి ఉండాల్సిన దానికంటే మూడింతలుంది, మిగతాది పరవాలేదు. పైన్ చెట్టు ఎవరూ చూడలేదు కాబట్టి నిధి తాటిచెట్టు కింద ఉంది. మీ తర్వాతి ముద్రణకి కావాలంటే ఫోటో తీసి పంపిస్తాను, డబ్బులేం అక్కర్లేదు, పుస్తకాలు ఓ పది పంపండి చాలు.

పుస్తకం విదిలించిన అమ్మాయి మాత్రం ఒక షరతు పెట్టింది. చార్టు కింద అక్షాంశం, రేఖాంశం తనే ఏవో అంకెలు రాసి తనే స్కెచ్ పెన్‌తో కొట్టేసింది, ఆ కొట్టివేత అలాగే అచ్చులో రావాలట. కథ అయిపోయినా ఎవరూ తీయని వెండి కడ్డీలు ఇంకా అక్కడే ఉన్నాయి కదండీ అంటోంది.

ఇట్లు,
గార మండలం నుంచి ఒక సోషల్ మేస్టారు